తిరూరు బడిలో అమ్మల పాఠం

నెల్లూరు నుంచి మలబారు తీరానికి వెళ్ళడం మనవాళ్ళు అనుకునేంత పెద్ద ప్రయాణమేమీ కాదు. మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరి, రాత్రి చెన్నైలో మంగళూరు మెయిలు పట్టుకుంటే తెల్లవారేసరికి పాలక్కాడు కనుమ దాటిపోతాము. షొరనూరు దాటిన తరువాత ఎడమ కిటికీ పక్కన చోటు దొరికినవాడు అదృష్టవంతుడు. భారతప్పుళ నది చాలాదూరం రైలుతోపాటే వస్తుంది. మలయాళ కవులు దాన్ని ముద్దుగా ‘నిళ’ అంటారు. వానలు వెనుకబట్టిన కార్తీకంలో నీరు పాయలుపాయలుగా చీలి, నడుమ ఇసుకతిన్నెలు, తిన్నెల మీద రెల్లు, ఒడ్డున కొబ్బరిచెట్లు. మా పెన్న గుర్తుకు రాక మానదు. అయితే మా పెన్న ఒడ్డున ఇంత పచ్చదనం లేదు. ఉన్నమాట చెప్పుకోవాలి గదా!

2025 నవంబరులో నేను ఆ దారిన పోయి తిరూరులో దిగాను. మలప్పురం జిల్లాలో అదొక చిన్న పట్టణం. తమలపాకులకు పేరు పడ్డది. 2019లో ఇక్కడి ఆకుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మలయాళ భాష కోసం 2012లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నది. కళాశాలలో మలయాళం బోధించే మిత్రుడొకాయన, ‘ఒకసారి వచ్చి మా ఎళుత్తచ్చన్ పుట్టిన నేల చూడండి మాషే’ అని ఏళ్ళ తరబడి పిలుస్తున్నారు. ‘మాషు’ అంటే మాస్టరు. ఆ దేశంలో పంతులుకు ఇంతకు మించిన గౌరవ వాచకం లేదు.

చేదులేని ఆకు

ఊరికి దగ్గరలోనే తుంచన్ పరంబు. ‘పరంబు’ అంటే తోట అనుకోవచ్చును. పదహారవ శతాబ్దంలో అధ్యాత్మ రామాయణాన్ని చిలుకచేత పాడించిన తుంచత్తు ఎళుత్తచ్చన్ స్థలమిది. మనకు నన్నయగారు ఎట్లాగో వాళ్ళకు ఆయన అట్లా. పేరులోనే ఉన్నది వృత్తి: ‘ఎళుత్తు’ అంటే రాత, ‘అచ్చన్’ అంటే నాన్న. అక్షరాల నాన్న! అంటే ఓనమాలు దిద్దించే బడిపంతులన్న మాట. తోటలో ఒక ముష్టిచెట్టు ఉన్నది. ముష్టి ఆకు ఎంత చేదో వేరే చెప్పనక్కరలేదు. ఈ చెట్టుకింద కూర్చుని ఆయన పాఠం చెప్పాడు గనుక దీని ఆకు మాత్రం చేదుగా ఉండదని అక్కడివారి నమ్మకం. నేను కొరికి చూడలేదు. నమ్మకాలను కొరికి చూడకూడదు.

విజయదశమినాడు ఈ తోటకు పసిపిల్లలను ఎత్తుకుని జనం విరగబడి వస్తారట. మనం బాసరలో చేయించినట్టే పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని తొలి అక్షరం దిద్దిస్తారు. పోయిన 2024 డిసెంబరులో కన్నుమూసిన మహారచయిత ఎం.టి. వాసుదేవన్ నాయర్ ఈ స్మారక సంస్థకు అనేక సంవత్సరాలు అధ్యక్షులుగా ఉండి, తామే ఎందరో పిల్లల వేలు పట్టి రాయించారు.

‘అక్షరాల సంగతి చూశారు గదా. రేపు శనివారం. పక్క ఊరి ప్రభుత్వ పాఠశాలకు పోదాం. అక్కడ అమ్మల చేత వేలు పట్టి దిద్దిస్తారు’ అన్నారు మిత్రులు.

‘వయోజన విద్యా?’ అన్నాను.

‘కాదు, ఫోను, కంప్యూటరు. పంతుళ్ళు కూడా మనవంటివాళ్ళు కారు. చూస్తారుగా!’

ఆటపెట్టె నుంచి యంత్రం దాకా

మర్నాడు ఆటోలో వెళ్ళాము. పెంకుల వసారా, చుట్టూ పనస, మామిడి, ఆటస్థలంలో ఎర్రమట్టి. మన పల్లెలోని ఏ జిల్లా పరిషత్తు హైస్కూలో అయినట్టే ఉన్నది. తరగతి గదిలోకి వెళ్ళాక గాని తేడా తెలియలేదు. నల్లబల్లతోపాటు గోడమీద తెర, పైన బొమ్మలు వేసే యంత్రం, బల్లమీద లాప్‌టాప్. కేరళలో 2018లో మొదలుపెట్టిన పథకం కింద ఎనిమిది నుంచి పన్నెండవ తరగతి దాకా 4,752 బడులలో 45,000 గదులను ఇట్లా తయారుచేశారు.

కంప్యూటరు పంతులమ్మ మమ్మల్ని ముందు చిన్నపిల్లల దగ్గరికి తీసుకువెళ్ళారు. ఒకటి నుంచి నాలుగు తరగతుల కంప్యూటరు పుస్తకం పేరు ‘కళిప్పెట్టి’. మన మాటలో ఆటపెట్టె. ఎంత చక్కని పేరు! అందులో కంప్యూటరు అంటే ఏమిటి, దాని భాగాలెన్ని అనే వల్లెవేత లేదు. బొమ్మకు రంగు వెయ్యి, చేపను పట్టు, చెల్లాచెదురైన అక్షరాలను వరుసలో పెట్టు. చెయ్యి అలవాటు పడుతుంది. బుర్ర భయపడదు.

పై తరగతులకు పోయినకొద్దీ పని ముదురుతుంది. 2024లో ఏడవ తరగతి పుస్తకంలో కృత్రిమ మేధను చేర్చారు. మనిషి ముఖం చూసి అది నవ్వో ఏడుపో కోపమో పోల్చే చిన్న ప్రోగ్రాము పిల్లలే తయారుచేస్తారు. ఒక కుర్రవాడు నా ముఖం దాని ముందు పెట్టించాడు. నేను ప్రసన్నంగానే ఉన్నాననుకున్నాను. యంత్రం ‘కోపం’ అన్నది. తరగతి అంతా గొల్లుమన్నది. ఇరవై ఏళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దిన ముఖం గదా, యంత్రాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. 2025లో పదవ తరగతికి రోబోల పాఠం వచ్చింది. చెయ్యి చాపితే దానంతటదే చేతులు శుభ్రం చేసే మందు పోసే పరికరాన్ని ఇద్దరు ఆడపిల్లలు తీగలు కలిపి చూపించారు.

అయితే ఇదంతా ఒక్కరోజులో ఊడిపడలేదు. 2001లో ఐటీ అట్ స్కూల్ అన్న పేరుతో ఈ పని మొదలైంది. మొదట్లో ఎక్కడా లేని ఇబ్బందులే. కంపెనీలు డబ్బు పుచ్చుకుని ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను నేర్పడం దేనికనే వాదం లేచింది. ఆ దశకం నడిమికల్లా, ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల లినక్స్ వైపు మొగ్గారు. దానివల్ల డబ్బు ఆదా అయిన మాట నిజమే. కాని తెలుగు చెప్పుకునే నాకు మరొక లాభం కనబడ్డది. మార్చుకునే హక్కు ఉన్నది గనుక తెరమీది మాటలన్నీ మలయాళంలో పెట్టుకున్నారు. ‘తెరువు’, ‘మూయి’, ‘దాచు’ అన్న మాటలు సొంత భాషలో కనబడితే, కంప్యూటరుకు ముందు ఇంగ్లీషు నేర్చుకోవలసిన పని లేదు. రెండు కొండలు ఎక్కవలసినచోట ఒకటే కొండ.

పంతుళ్ళ విషయంలోనూ అంతే. బయటినుంచి జీతానికి ఒక కుర్రవాణ్ణి తెచ్చి కంప్యూటరు గదిలో కూర్చోబెట్టలేదు. లెక్కల మాస్టరుకు, సైన్సు పంతులమ్మకు, మలయాళం పండితుడికి శిక్షణ ఇచ్చి వారిచేతనే చెప్పించారు. పండితుడే కంప్యూటరు ముందు కూర్చుంటే భాష దానిలోకి వెళ్ళక ఏమవుతుంది? 2009 నుంచి ‘స్కూల్ వికీ’ అని ఒకటి నడుస్తున్నది. ప్రతి బడి తన చరిత్రను, తన ఊరి చరిత్రను అందులో మలయాళంలో రాసి పెడుతుంది. ఈ బడి పిల్లలు తమ ఊరి పాత పడవరేవు గురించి రాసినది చూపించారు. పదవేళ్ళతో టకటకా మలయాళం కొడుతున్నారు. మా పిల్లలు ఫోనులో అమ్మకు రాసే నాలుగు తెలుగు ముక్కలు కూడా ఇంగ్లీషు అక్షరాలలో రాస్తారన్న సంగతి నేను వాళ్ళకు చెప్పలేదు.

గాలిపటాల పంతుళ్ళు

పదిన్నరకు అమ్మలు రావడం మొదలైంది. ముప్పైమంది దాకా ఉంటారు. తలమీద ముసుగులు వేసుకున్న మాప్పిళ ముస్లిం స్త్రీలు సగానికిపైన. మిగిలినవారు నుదుట చందనం పెట్టుకున్నవారు. ఇద్దరి చంకల్లో బిడ్డలు. పాఠం చెప్పేవారు తొమ్మిదవ తరగతి పిల్లలు! వీరిని ‘లిటిల్ కైట్స్’ అంటారు, చిన్న గాలిపటాలన్న మాట. 2018 జనవరిలో మొదలైన ఈ సంఘాలలో ఎనిమిదవ తరగతిలో చిన్న పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకుంటారు. రాష్ట్రమంతటా లక్షమందికి పైగా ఉన్నారు. 2022లో ఈ పిల్లలే ఊరూరా అమ్మలకు సైబరు మోసాలనుంచి కాపాడుకునే పాఠాలు చెప్పారు.

ఒక పిల్ల లేచి తెరమీద ఒక సందేశం చూపింది. ‘మీరు బిల్లు కట్టలేదు. ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు తీసివేయబడును. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి.’

‘ఇది వస్తే ఏం చేస్తారు?’ అని అడిగింది.

‘ఫోను చేస్తాం’ అన్నారు నలుగురైదుగురు. ‘రాత్రిపూట కరెంటు పోతే చంటిబిడ్డతో ఎట్లా?’ అన్నది ఒకావిడ.

‘అదే వాడికి కావలసింది’ అన్నది పిల్ల. ‘భయం పెట్టి తొందర చేసేవాడు ఎవడైనా సరే, ముందు ఫోను కింద పెట్టండి. తరువాత కరెంటు ఆఫీసు నంబరు మీరే వెతుక్కుని అడగండి. ఓటీపీ అడిగినవాడికి మాత్రం చెప్పవద్దు. మీ అన్న అని చెప్పినా సరే.’

ఇక తలా ఒక ఫోను పట్టుకుని, బిల్లు ఎంతో చూసుకోవడం, బాంకులో నిలవ చూసుకోవడం. ప్రతి అమ్మ పక్కనా ఒక పిల్ల. ఒకతె తన తల్లి మీదే విసుక్కుంటున్నది: ‘ఉమ్మా, అది కాదు, పక్కది! ఎన్నిసార్లు చెప్పాలి?’ ఆ తల్లి నవ్వుతూ ఏదో అన్నది. మిత్రులు అర్థం చెప్పారు: ‘నీకు నడక నేర్పేటప్పుడు నేను ఇట్లా అరిచానా అంటున్నది.’ పిల్ల నాలుక కరుచుకుని, ఈసారి మెల్లగా చెప్పింది.

ఇతరులు చదివిన ఉత్తరం

చివరి బెంచీలో డెబ్భై ఏళ్ళు పైబడిన ముసలమ్మ ఒకామె, తెల్లని బట్టలో, ఫోనును అరచేతిలో పావురంపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నది. మనుమరాలి వెంట వచ్చిందట. నేను దగ్గరికి వెళ్ళి మిత్రుల ద్వారా పలకరించాను.

ఆమె భర్త 1980లలో గల్ఫులో పనిచేశాడు. ఆ రోజుల్లో ఈ జిల్లాలో ఇంటికొక మగవాడు అక్కడే. ఇక్కడి భార్య, అక్కడి భర్త రాసుకునే ఉత్తరాలు పాటలై ‘కత్తు పాట్టు’ అనే ఒక ప్రక్రియే పుట్టింది. 1970లలో ఎస్.ఎ. జమీల్ కట్టిన దుబాయి ఉత్తరం పాట మలబారంతా మారుమోగింది. సాహిత్యం పాఠంలో నేనిది ప్రోషితభర్తృక కిందికి చేర్చి ఒక గంట చెప్పగలను. కాని ఆ ముసలమ్మ చెప్పింది వేరు.

‘నాకు అరబ్బీ లిపి వచ్చు, మలయాళం రాదు. ఆయన ఉత్తరం వస్తే పక్కింటి అబ్బాయి చదివేవాడు. జవాబు కూడా వాడే రాసేవాడు. ఎంత పంపాడో, ఏమి కోప్పడ్డాడో, నేనేమి ఏడ్చానో, అన్నీ ముందు వాడికి తెలిసేవి. నేను చెప్పదలచుకున్న మాటలు ఎన్నో చెప్పలేదు.’

‘తరువాత చదువు నేర్చుకున్నారా?’

‘సాక్షరత పాఠాలప్పుడు నేర్చుకున్నాను. అప్పటికి ఆయన వచ్చేశాడు’ అని నవ్వింది. ‘అక్షయ వచ్చినప్పుడు కంప్యూటరు చూపించారు. అప్పుడు ఎలుకను పట్టడం నేర్పారు. ఇప్పుడు ఎలుక లేదు, వేలే!’

ఇప్పుడు కొడుకు దుబాయిలో ఉన్నాడు. డబ్బు ఫోనుకే వస్తుంది. నాలుగు అంకెల రహస్య సంఖ్యను ఇన్నాళ్ళూ దుకాణం కుర్రవాడికి చెప్పి చూపించుకునేదట. ‘ఇదీ అదే గదా మాషే. అప్పుడు ఉత్తరం వాడు చదివాడు, ఇప్పుడు సంచీ వీడు తెరుస్తున్నాడు.’

నాకు ఆ మాట గుచ్చుకున్నది. చదువు అంటే జ్ఞానమని, ఉద్యోగమని, సంస్కారమని మనం ఉపన్యాసాలు ఇస్తాము. ఆమె ఒక్క ముక్కలో తేల్చింది: తన గుట్టు తన చేతిలో ఉండటమే చదువు.

ఆమె చెప్పిన రెండు మెట్లూ చరిత్రలో ఉన్నవే. 1991 ఏప్రిల్ 18న కోళిక్కోడులో కేరళను సంపూర్ణ అక్షరాస్యత గల రాష్ట్రంగా ప్రకటించినది మంత్రి కాదు, కొత్తగా చదువుకున్న చేలక్కోడన్ ఆయిషా అనే ఈ మలప్పురం స్త్రీయే. 2002లో ‘అక్షయ’ కూడా ఈ జిల్లాలోనే మొదలైంది. సుమారు వెయ్యి కుటుంబాలకొక కేంద్రం, నడిచి పోయేంత దూరంలో పెట్టి, ఇంటికి కనీసం ఒకరికి కంప్యూటరు తొలిపాఠం చెప్పడం దాని ఉద్దేశం. అప్పుడు జనాన్ని రప్పించింది ప్రభుత్వం దండోరా కాదు. గల్ఫులో ఉన్న మనిషి ముఖం తెరమీద కనబడుతుందన్న ఆశ. అవసరం ముందు నడిచింది, పాఠం వెనుక నడిచింది.

మూడవ మెట్టు కూడా అట్లాగే పుట్టింది. తిరువనంతపురం జిల్లాలో పుల్లంపార అనే పంచాయతీ ఉన్నది. ఉపాధి హామీ పనికి పోయే ఆడవాళ్ళు కూలి పడ్డదో లేదో తెలుసుకోవడానికి పని మానుకుని బాంకుముందు నిలబడేవారు. అది చూసి, వారికి ఫోనులోనే చూసుకోవడం నేర్పారు, పనిచేసే చోటికే వెళ్ళి. 2022లో ఆ ఊరు పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించిన పంచాయతీ అయింది. ఆ పద్ధతినే రాష్ట్రమంతటా నడిపి, ఇంటింటికీ తిరిగి, ఫోను వాడకం రానివారు సుమారు 21.88 లక్షలమంది అని లెక్క తేల్చి, పాఠం చెప్పి, 2025 ఆగస్టు 21న కేరళను సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత గల రాష్ట్రంగా ప్రకటించారు. నేర్చుకున్నవారిలో నూరేళ్ళు దాటిన వృద్ధుడు కూడా ఉన్నాడు. ఆ దేశపు ముసలివాళ్ళ పట్టుదల అటువంటిది. 2018లో ఆలప్పుళ జిల్లా చేప్పాడులో 96 ఏళ్ళ కార్త్యాయని అమ్మ అక్షరాస్యతా పరీక్షలో నూటికి 98 మార్కులు తెచ్చుకున్నది. ఇప్పుడేం కావాలని అడిగితే కంప్యూటరు నేర్చుకుంటానన్నది! విద్యాశాఖ మంత్రి ఆమెకు లాప్‌టాప్ ఇచ్చారు. 2023లో 101వ ఏట పోయింది.

ప్రకటన వేరు, వాడకం వేరు

ఇంతవరకు చదివి, ఈయన కేరళకు కీర్తన పాడుతున్నాడని పాఠకులు అనుకోవచ్చు. ఆ పంతులమ్మ అంత తేలికగా ఒప్పుకునే మనిషి కాదు. ‘ప్రకటన ఒక రోజు పని. వాడకం రోజూ పని’ అన్నారామె. ‘ఇవాళ నేర్చిన అమ్మ నెలరోజులు వాడకపోతే మరిచిపోతుంది. ఫోనులో ఆ గుర్తు మారిపోతే మళ్ళీ మొదటికి. మోసగాళ్ళు కూడా పాఠాలు నేర్చుకుంటూనే ఉన్నారు. మా ఊళ్ళో చదువుకున్న ఉద్యోగస్థుడే డబ్బు పోగొట్టుకున్నాడు. అంచేతనే ఈ బడి తలుపు శనివారం మూయము.’

ఆమె మాటలోనే అసలు కిటుకు ఉన్నది. ఆరేళ్ళవాడికి ఆటపెట్టె, పన్నెండేళ్ళవాడికి ముఖాలు పోల్చే యంత్రం, పధ్నాలుగేళ్ళ పిల్లకు పంతులు పదవి, నలభై ఏళ్ళ తల్లికి కరెంటు బిల్లు, డెబ్భై ఏళ్ళ అవ్వకు రహస్య సంఖ్య. వయస్సును బట్టి పాఠం మారింది గాని బడి మారలేదు, భాష మారలేదు. నేర్చుకున్న పిల్ల మరొకరికి చెప్పడంతో తన పాఠం గట్టిపడుతున్నది. తల్లికి బిడ్డ మీద గౌరవం, బిడ్డకు తల్లి తెలివి మీద నమ్మకం పెరుగుతున్నవి. ఇది ఏ సిలబసులోనూ రాసి ఉండదు.

మన సంగతి ఆలోచించకుండా ఎట్లా ఉండగలను? కంప్యూటరు పేరు చెబితే ముందు జ్ఞాపకం వచ్చేది మన తెలుగువాళ్ళే. అమెరికాలో వీధికొక ఇంజనీరు మనవాడే. ఆ ఇంజనీరు తల్లి మాత్రం కావలిలోనో రాజంపేటలోనో ఏటీఎం ముందు నిలబడి, కార్డూ సంఖ్యా రెండూ కాగితంలో చుట్టి ముక్కూముఖం తెలియని కుర్రవాడి చేతిలో పెడుతున్నది. కొడుకు ప్రపంచానికి తాళాలు చేస్తాడు, తల్లి తాళంచెవి పరాయివాడికి ఇస్తుంది. మన కడప, కోనసీమ, కరీంనగరం ఇళ్ళనుంచి గల్ఫుకు పోయినవారి భార్యలదీ ఇదే కథ.

మనకు చేతగాక కాదు. 1990ల మొదట్లో మా నెల్లూరు జిల్లాలో లాంతరు వెలుగులో రాత్రిబడులు నడిచినవి. మా అమ్మమ్మ అక్కడే తన పేరు రాయడం నేర్చుకుని, రేషను దుకాణంలో వేలిముద్ర వెయ్యనని పంతం పట్టింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివి, ఆ కథలో మాదిరే తమ ఊరి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం తమ బ్రతుకుకు సంబంధించినదని తెలిస్తే మన ఆడవాళ్ళు ఏం చేయగలరో దేశానికి చూపించిన జిల్లా మాది. అప్పటి వాచకంలో సీతమ్మ ఉన్నట్టే, ఇప్పటి పాఠంలో కరెంటు బిల్లు, కూలి లెక్క, కొడుకు పంపిన డబ్బు ఉండాలి. అవి తెలుగులో ఉండాలి.

ఇందుకు పెద్ద పథకాలు రావాలని ఎదురుచూడనక్కరలేదు. మన ఊళ్ళలో బడి ఉన్నది, ఫోను ప్రతి ఇంటా ఉన్నది, చురుకైన తొమ్మిదవ తరగతి పిల్లలు కావలసినంతమంది ఉన్నారు. లేనిదల్లా శనివారంనాడు తెరిచి ఉంచిన ఒక గది, ‘అమ్మా, లోపలికి రా’ అనే ఒక పంతులు. నేను మా కళాశాలలో తెలుగు మూడవ సంవత్సరం విద్యార్థులను ఆ మాట అడిగాను. పదకొండుమంది సరేనన్నారు. సంక్రాంతి తరువాత దగ్గరి పల్లె బడిలో మొదలుపెడుతున్నాము. మొదటి పాఠం ఏమిటని వాళ్ళు అడిగితే, ఎవరి సంచీ వారే తెరుచుకోవడం అని చెప్పాను.